తూటా సైజు ఎవరు నిర్ణయిస్తారు?

2014 జనవరిలో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఓ చిన్న రివాల్వర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. పేరు నిర్భీక్. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, ఆడవాళ్ల ఆత్మరక్షణ కోసమని చెప్పి తయారుచేశారు. బరువు అరకిలో, హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుంది, ధర 1,22,360 రూపాయలు. బోర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, మాత్రం పాత .32. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం ఓ పత్రం తయారుచేసింది. ఇన్నేళ్లు వాడిన .40 క్యాలిబర్‌ను వదిలేసి మళ్లీ 9 ఎంఎంకు ఎందుకు వెళ్లాలో అందులో వివరించింది. ఒకప్పుడు ఇదే సంస్థ 9 ఎంఎం చాలదని దాన్ని పక్కనపెట్టింది.

ఆత్మరక్షణకు ఏ తుపాకీ కొనాలి, ఏ క్యాలిబర్ మంచిది అన్న ప్రశ్న వినడానికి పూర్తిగా టెక్నికల్‌గా ఉంటుంది. గ్రాములు, మిల్లీమీటర్లు, జౌళ్లు లెక్కేసి తేల్చేయొచ్చు అనిపిస్తుంది. ఈ రెండు నిర్ణయాల వెనక్కి వెళ్లి చూస్తే కథ వేరేలా ఉంటుంది. అమెరికాలో ముప్పై ఏళ్ల వాదన తర్వాత జవాబు కాల్చేవాడి చేతిలో దొరికింది. మన దేశంలో అది ఎప్పుడో చట్టం షెడ్యూల్లో రాసిపెట్టి ఉంది.

అంకెల సంగతి

ముందు ఈ అంకెల గోల తేల్చుకోవాలి. క్యాలిబర్ అంటే స్థూలంగా తూటా వ్యాసం. ముందు చుక్క ఉంటే అంగుళాల్లో, ఎంఎం ఉంటే మిల్లీమీటర్లలో. కానీ ఆ అంకెను నమ్మి బలాన్ని లెక్కేస్తే తప్పులో కాలేసినట్టే. .38 స్పెషల్ తూటా అసలు వ్యాసం .357 అంగుళాలే. .357 మ్యాగ్నమ్‌దీ అంతే. .380 ఏసీపీ, 9 ఎంఎం రెండూ .355 అంగుళాలే. తేడా అంతా వెనకున్న తొడుగు పొడవులో, అందులో పట్టే మందుగుండులో ఉంది.

మామూలుగా దొరికే తూటాలనే తీసుకుంటే 8 గ్రాముల 9 ఎంఎం తూటా సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో వెళ్తుంది. శక్తి దాదాపు 490 జౌళ్లు. పెద్ద పేరున్న .45 ఏసీపీ తూటా 15 గ్రాములు తూగుతుంది కానీ వేగం 260 మీటర్లే. శక్తి కూడా అటూఇటుగా 500 జౌళ్లు. అంటే గొడవంతా జరిగే ఈ రెండింటి మధ్య ఆ లెక్కలో తేడా లేనట్టే. .380 దగ్గరికొస్తే శక్తి 260 జౌళ్లకు పడిపోతుంది. మన నిర్భీక్‌లో వాడే .32 తూటా 150 నుంచి 175 మధ్య ఉంటుంది. పక్కనే సైనికుల 5.56 ఎంఎం రైఫిల్ తూటాను పెడితే అది 1,700 జౌళ్లు. రైఫిల్ ముందు పిస్టళ్లన్నీ బలహీనులే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తర్వాత జరిగింది సులువుగా అర్థమవుతుంది.

మయామీలో ఓ పొద్దున

1986 ఏప్రిల్ 11. మయామీ శివార్లలో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఓ కారును అడ్డుకున్నారు. అందులో ఉన్నది బ్యాంకులను, డబ్బు తరలించే వ్యాన్లను దోచుకుంటున్న మైకేల్ ప్లాట్, విలియం మ్యాటిక్స్. ఐదు నిమిషాలు కూడా పట్టని కాల్పుల్లో దాదాపు 145 రౌండ్లు పేలాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దెబ్బ తగలకుండా బయటపడింది ఒక్కరే. దొంగలిద్దరూ అక్కడే చచ్చారు.

సంస్థను కుదిపేసింది ఓ తూటా దారి. కాల్పులు మొదలైన కాసేపటికే ఏజెంట్ జెర్రీ డోవ్ పేల్చిన 9 ఎంఎం తూటా ప్లాట్ కుడి చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలోకి దిగింది. ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ గాయం ప్రాణాంతకమే. కానీ ఆ గాయంతోనే ప్లాట్ ఇంకా కొన్ని నిమిషాలు రైఫిల్‌తో కాలుస్తూనే ఉన్నాడు. డోవ్‌తో పాటు మరో ఏజెంట్ బెన్ గ్రోగన్ ఆ సమయంలోనే చనిపోయారు. చివరికి ఒక చెయ్యి ఛిద్రమైన ఏజెంట్ ఎడ్మండో మిరెలెస్ రెండో చేత్తో ముందు షాట్‌గన్, తర్వాత రివాల్వర్ పట్టుకుని దాన్ని ముగించాడు.

ఆ తూటా ఇంకో అంగుళం వెళ్లి ఉంటే? విచారణ అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. అవతలివాడి చేతిలో రైఫిల్ ఉంటే ఇవతల ఎక్కువమంది దగ్గర రివాల్వర్లు, పిస్టళ్లే ఉన్నాయన్న సంగతి అందరికీ తెలుసు. అడ్డుకున్న పద్ధతిలో లోపాలున్న సంగతీ తెలుసు. అయినా నేరం ప్రధానంగా తూటా మీద పడింది. తూటా నోరు తెరిచి ఎదురుచెప్పదు కదా.

అయితే దీనివల్ల ఒక మంచి పని జరిగింది. అంతవరకు పిస్టల్ తూటాల బలం గురించి వినిపించేవన్నీ కాకమ్మ కబుర్లు. .45 తగిలితే మనిషి వెనక్కి ఎగిరి పడతాడు లాంటివి. న్యూటన్ మూడో సూత్రం గుర్తున్న టెన్త్ కుర్రాడు కూడా దీన్ని కొట్టిపారేయగలడు. తగిలినవాడిని ఎగరగొట్టేంత ఊపు ఉంటే, కాల్చినవాడు కూడా అంతే ఊపుతో వెనక్కి పడాలి. 1987లో ఎఫ్‌బీఐ గాయాల నిపుణులను కూర్చోబెట్టింది. 1989లో వచ్చిన నివేదిక సారాంశం ఏమిటంటే, పిస్టల్ తూటాకు మనిషిని పడగొట్టే మాయశక్తి లేదు. అది చేసేది ఒక రంధ్రం. ఆ రంధ్రం ముఖ్యమైన అవయవం దాకా వెళ్తేనే పని జరుగుతుంది. అప్పుడు కూడా వెంటనే జరగకపోవచ్చు. గుండె ఆగినా మెదడులో ఉన్న ఆక్సిజన్‌తో మనిషి పది పదిహేను సెకన్లు కదలగలడు.

అక్కడినుంచే జిలేటిన్ పరీక్ష ప్రమాణంగా మారింది. పది శాతం జిలేటిన్ దిమ్మెలోకి తూటా పేల్చి ఎంత లోతు దిగిందో కొలుస్తారు. 12 అంగుళాలకు తగ్గకూడదు, 18 దాటకూడదు. ముందు గుడ్డ, చెక్క, రేకు, కారు అద్దం లాంటివి అడ్డం పెట్టి కూడా చూస్తారు. మనిషి ఛాతీ అంత మందం ఉండదు కదా అనిపించవచ్చు. కానీ ప్లాట్ విషయంలో ఏం జరిగిందో చూడండి. తూటా ముందు చేతిని దాటాల్సి వచ్చింది.

ఇక్కడే హోలో పాయింట్ తూటా గురించి చెప్పుకోవాలి. దీని మొన గుంటగా ఉంటుంది. ఒంట్లోకి దిగాక పువ్వులా విచ్చుకుని వేగం కోల్పోతుంది. రంధ్రం వెడల్పవుతుంది, తూటా అవతలికి దూసుకుపోయి గోడ వెనకున్న పసివాడికి తగిలే ప్రమాదం తగ్గుతుంది. జిప్సమ్ బోర్డు గోడలుండే అమెరికన్ ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఈ విచ్చుకునే తూటాల మూలం మన దగ్గరే ఉంది. 1890లలో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో ఆంగ్లేయులు తయారుచేసిన తూటాలకు ఆ ఊరి పేరే పడింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. యుద్ధంలో పనికిరానిది పోలీసు ఒరలోకి వచ్చి చేరింది.

చుట్టూ తిరిగి అదే చోటికి

9 ఎంఎం చాలదనుకున్నాక ఎఫ్‌బీఐ 10 ఎంఎం వైపు చూసింది. 1990లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తయారుచేసిన 1076 అనే పిస్టల్ తీసుకుంది. తూటా బలమైనదే, కానీ తుపాకీ పెద్దది, తన్ను (పేల్చినప్పుడు చేతిని వెనక్కి నెట్టే ఊపు) ఎక్కువ. చిన్న చేతులున్నవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు గురి నిలపలేకపోయారు. దాంతో మందు తగ్గించి వాడారు. మందు తగ్గించాక అంత పొడుగు తొడుగు దేనికి? అదే ఏడాది స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కలిసి తొడుగును కుదించి .40 ఎస్ అండ్ డబ్ల్యూ తెచ్చాయి. 9 ఎంఎం తుపాకీ అంత సైజులోనే ఇమిడిపోయింది. పాత 10 ఎంఎం అభిమానులు ఎస్ అండ్ డబ్ల్యూ అంటే షార్ట్ అండ్ వీక్ అని ఎగతాళి చేశారు గానీ, అమెరికన్ పోలీసు శాఖలు దాని వెంట పడ్డాయి. 1997లో ఎఫ్‌బీఐ కూడా గ్లాక్ కంపెనీ పిస్టల్లో దాన్నే తీసుకుంది.

తర్వాత పదిహేనేళ్లలో రెండు విషయాలు జరిగాయి. హోలో పాయింట్ తయారీ బాగా మెరుగుపడి, జిలేటిన్‌లో 9 ఎంఎంకీ .40కీ చెప్పుకోదగ్గ తేడా లేకుండా పోయింది. రెండోది, అసలు కాల్పుల్లో ఎన్ని తూటాలు తగులుతున్నాయన్న లెక్కలు బయటికొచ్చాయి. న్యూయార్క్ పోలీసుల మీద 2008లో ర్యాండ్ సంస్థ చేసిన అధ్యయనం ప్రకారం, 1998 నుంచి 2006 వరకు అవతలివాళ్లు కూడా కాల్పులు జరిపిన ఘటనల్లో పోలీసుల తూటాలు తగిలింది సగటున 18 శాతం. అవతల ఎవరూ కాల్చని చోట కూడా 30 శాతమే. వీళ్లు శిక్షణ పొందిన పోలీసులు. ఎఫ్‌బీఐ పత్రం కూడా నూటికి 70, 80 తూటాలు గురి తప్పుతాయనే చెప్పింది.

పదిలో రెండే తగులుతున్నప్పుడు, తగిలిన రంధ్రం మిల్లీమీటరు ఎక్కువ వెడల్పా కాదా అన్న చర్చకు ఎంత విలువ ఉంటుంది? ఎనిమిదిని ఏడు చేయడమెలా అన్నదే అసలు చూడాల్సింది. 9 ఎంఎంకు తన్ను తక్కువ కాబట్టి రెండో గుండుకు గురి త్వరగా కుదురుతుంది. ఒకే సైజులో ఉన్న గ్లాక్ 22లో .40 తూటాలు 15 పడితే, గ్లాక్ 17లో 9 ఎంఎం తూటాలు 17 పడతాయి. తూటా చవక కాబట్టి ప్రాక్టీసు ఎక్కువ చేయొచ్చు. తుపాకీ అరుగుదల కూడా తక్కువ. 2016లో ఎఫ్‌బీఐ 9 ఎంఎం గ్లాక్‌లకు కాంట్రాక్టు ఇచ్చింది. పోలీసు శాఖలు మళ్లీ దాని వెంటే నడిచాయి.

ఆత్మరక్షణకు తుపాకీ కొనేవాడికి ఇందులో పనికొచ్చేది చాలా ఉంది. సినిమాల వల్ల కావచ్చు, పెద్ద తుపాకీ మీద మోజు పోదు. కానీ పిడి చేతికి సరిపోకపోతే, చూపుడు వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందకపోతే, పేల్చిన ప్రతిసారీ కళ్లు మూసుకుపోతుంటే క్యాలిబర్ ఎంతైనా దండగే. ఇంకో తిరకాసు ఏమిటంటే, తుపాకీ ఎంత తేలికైతే తన్ను అంత ఎక్కువ. ఆడవాళ్లకు చిన్నది బాగుంటుందని దుకాణాల్లో చేతిలో పెట్టే ఐదు రౌండ్ల పొట్టి రివాల్వర్ నిజానికి గురి కుదరడం కష్టమైన ఆయుధాల్లో ఒకటి. గొట్టం పొట్టి, ట్రిగ్గర్ బరువు, తన్ను గట్టిగా ఉంటుంది. రివాల్వర్ మంచి గుణం వేరే ఉంది. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, సిలిండర్ తిరిగి ఇంకోటి వస్తుంది. పిస్టల్లో అయితే స్లైడ్, అంటే పైనుండే జారే లోహపు భాగం, వెనక్కి లాగాలి. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు ఆ స్లైడ్ లాగడమే ఓ పరీక్ష. 2018లో స్మిత్ అండ్ వెసన్ ప్రత్యేకంగా ఇలాంటివాళ్ల కోసమే .380లో షీల్డ్ ఈజెడ్ అనే పిస్టల్ తెచ్చింది. జౌళ్ల లెక్కలో అది 9 ఎంఎంకు సగం. స్లైడే లాగలేని 9 ఎంఎం కన్నా చేతిలో సవ్యంగా పనిచేసే సగం నయం.

మన దగ్గర .32 ఎందుకు?

ఇక మన సంగతి. భారత్‌లో లైసెన్స్ తుపాకీ అంటే .32 బోర్ అన్నట్టు స్థిరపడిపోయింది. కాన్పూర్‌లో తయారయ్యే ఆరు రౌండ్ల రివాల్వర్ .32. అశని పిస్టల్ .32. 2020 నుంచి ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో తయారైన వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ .32. ఆత్మరక్షణకు ఇదే మేలని ఏ జిలేటిన్ పరీక్షలోనూ తేలి కాదు ఈ ఏకగ్రీవం.

ఆయుధాల నిబంధనల షెడ్యూల్ చూస్తే గుట్టు తెలుస్తుంది. సైన్యం, పోలీసులు వాడే తూటా ఏ తుపాకీలో పడుతుందో అది నిషిద్ధ బోర్. .303 రైఫిల్, .380, .455 రివాల్వర్లు, 9 ఎంఎం పిస్టల్ ఈ జాబితాలోవే. ఇవన్నీ బ్రిటిష్ కాలం నుంచి సర్కారు తూటాలు. సిపాయి దగ్గర్నుంచి దొంగిలించిన తూటా బయట ఏ తుపాకీలోనూ పట్టకూడదన్న భయం దీని వెనక ఉంది. సామ్రాజ్యం పోయింది, భయం షెడ్యూల్లో నిలిచిపోయింది. 1959 చట్టం పాతదాని స్థానంలో వచ్చింది, 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి, ఈ గీత మాత్రం చెరగలేదు. నిషిద్ధ బోర్ కావాలంటే కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. మామూలువాళ్లకు అది అందని ద్రాక్షే. జిల్లా కలెక్టరో, హైదరాబాద్ లాంటి నగరాల్లో పోలీస్ కమిషనరో ఇచ్చే లైసెన్సుతో కొనగలిగినవాటిలో చేతి తుపాకీ అంటే చాలామందికి .32 దగ్గరే ఆగుతుంది.

అలాగని .32ను చులకన చేయనక్కర్లేదు. 1896లో థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్ పోలీసు కమిషనర్‌గా ఉండగా ఆ శాఖకు మొదటిసారి అందరికీ ఒకే రకం రివాల్వర్ ఇచ్చినప్పుడు ఎంచుకున్నది .32నే. మన రివాల్వర్లలో వాడే .32 లాంగ్ తూటాతో అంతర్జాతీయ షూటింగ్ పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ ఈవెంట్ ఆడతారు. తన్ను తక్కువ, గురి కచ్చితం కాబట్టి. బలం లేని మాట నిజమే. కానీ ఎఫ్‌బీఐ ముప్పై ఏళ్లకు నేర్చుకున్న పాఠం ప్రకారం చూస్తే, గురి కుదిరే .32 మరీ తీసిపారేయాల్సింది కాదు.

చిక్కంతా గురి కుదరడానికి కావాల్సిన ప్రాక్టీసు దగ్గరుంది. లైసెన్సు మీదే ఒకసారికి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అని రాసి ఉంటుంది. తూటా ధర చూసి ఒక్కోటీ లెక్కపెట్టుకుంటారు. కాల్చడం సాధన చేసే రేంజ్‌లు నగరాల్లో తప్ప పెద్దగా లేవు. 2016 నిబంధనలు సురక్షితంగా వాడటంపై శిక్షణ ధ్రువపత్రం అడుగుతున్నాయి కానీ, ఒకసారి నేర్చుకున్నది పదేళ్లు బీరువాలో పెడితే నిలవదు. ఇలాంటి పరిస్థితిలో 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్‌ను 50 మీటర్ల దాకా పనిచేస్తుందని ప్రచారం చేయడం కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఆత్మరక్షణ జరిగేది గది అవతలి మూలకో, కారు కిటికీకో ఉన్నంత దూరంలో. యాభై మీటర్ల అవతల ఉన్నవాడిని కాల్చి అది ఆత్మరక్షణ అని కోర్టులో నిరూపించడం తుపాకీ పేల్చడం కన్నా కష్టం.

ఆ కోర్టు సంగతి కూడా ఆయుధం ఎంపికలో భాగమే. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. అవసరానికి మించి హాని చేయకూడదు. ప్రాణం తీసే దాకా వెళ్లడానికి 38వ సెక్షన్ ఏడు సందర్భాలు చెప్పింది: చావు భయం, తీవ్ర గాయం భయం, అత్యాచారం, యాసిడ్ దాడి లాంటివి. పారిపోతున్న దొంగ వీపు ఆ జాబితాలో లేదు.

వీసా మీద ఉన్నవాళ్లకు

అమెరికాలోని తెలుగువాళ్లలో ఈ క్యాలిబర్ చర్చ తరచూ వస్తుంది. గ్యాస్ స్టేషన్లో, స్టోర్లో రాత్రి షిఫ్టు కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లకు దోపిడీ భయం ఊహ కాదు. కానీ చాలామంది పట్టించుకోని ఓ సంగతి ఉంది. ఎఫ్‌-1, హెచ్‌-1బీ లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. సొంతం కాకపోయినా, స్నేహితుడిది అయినా, రేంజ్‌లో అద్దెకు తీసుకున్నదైనా అంతే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠంగా పదిహేనేళ్ల జైలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో గ్రీన్ కార్డు ఉన్న అన్న, స్టూడెంట్ వీసా మీదున్న తమ్ముడు ఉంటే, అన్న తుపాకీ సొరుగులో తాళం లేకుండా ఉండటం తమ్ముడికి ముప్పే.

సొరుగు మాట వచ్చింది కాబట్టి అది కూడా చూడాలి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. 2020లో కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లకు పైగా మంది రికార్డులతో వచ్చిన అధ్యయనంలో, చేతి తుపాకీ ఉన్న మగవాళ్లు దాంతో ఆత్మహత్య చేసుకునే అవకాశం, లేనివాళ్లకన్నా దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువని తేలింది. ఆడవాళ్లలో 35 రెట్లు. ఇంట్లో డిప్రెషన్‌తో ఉన్న మనిషి ఉంటే క్యాలిబర్ గురించి కాదు, తుపాకీ ఇంట్లో ఉండాలా అన్న దాని గురించే ముందు మాట్లాడుకోవాలి. ఉంటే మాత్రం తాళం, తూటాలు విడిగా మరో చోట. ఆపద వేళ తాళం తీయడానికి పట్టే ఆ కొన్ని సెకన్ల గురించి చాలామంది టెన్షన్ పడతారు. ఆ సెకన్లే ఇంట్లోవాళ్ల ప్రాణం కాపాడే రోజులు కూడా ఉంటాయి.

తెలుగు రాష్ట్రాల్లో లైసెన్స్ తుపాకులున్నవాళ్లకు ఇంకో అనుభవం ఉంది. ఎన్నికల షెడ్యూల్ రాగానే జిల్లాలో కమిటీ కూర్చుని ఎవరి ఆయుధాలు అప్పగించాలో చూస్తుంది. పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. ఫ్యాక్షన్ చరిత్ర ఉన్న రాయలసీమ ఊళ్లలో ప్రాణభయం అని రాసి లైసెన్స్ తీసుకున్నవాళ్లు, ఆ భయం అన్నింటికన్నా ఎక్కువ ఉండే రోజుల్లోనే తుపాకీ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకుని ఇంటికొస్తారు. కౌంటింగ్ అయి, గొడవలు సద్దుమణిగాక వెళ్లి మళ్లీ తెచ్చుకుంటారు.